విత్తనపు త్రాసు ఎవరిచేతిలో నున్నది?

ఇటీవల నడిగడ్డలోని యొక గ్రామమునకు మేము పోయియుండగా నొక రైతు తన చొక్కాజేబునుండి నాలుగు మడతలు పెట్టిన చీటి నొకదానిని దీసి మాచేతి కిచ్చెను. అందు అతని పేరు, విత్తనపు రకముయొక్క గుప్తసంకేతము, ప్యాకెట్ల సంఖ్య, అన్నిటికిని చివర "ఫెయిల్" అను నొక్క మాటయు నుండెను. ఎన్ని మొక్కలను జూచిరి, వానిలో నెన్ని తప్పినవి, ఎక్కడ జూచిరి, ఎవరు జూచిరి అను ప్రశ్నలలో నొక్కదానికిని ఆ చీటిలో సమాధానము లేదు. "బడిపిల్లగానికన్న ఎన్ని మార్కులొచ్చినయో చెప్తరు సారూ! మాకు ఉత్త ఫెయిలే చెప్పిన్రు" అని అతడనెను. ఒక సంవత్సరపు కాయకష్టమును, దానిపై దెచ్చిన అప్పును ఒక్క మాటతో కొట్టివేసిన ఆ చీటిని మేము చాలసేపు చూచితిమి. ఈ వ్యాసమునకు కారణ మదియే.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డయని పేరు. కృష్ణ కావలియొడ్డున వనపర్తియు, ఇంకను తూర్పుగా నాగర్‌కర్నూలును గలవు. ఒకప్పుడు గద్వాల, వనపర్తి సంస్థానములు. తరువాత మూడును పాలమూరు జిల్లాలోని భాగములు. 2016 అక్టోబరు 11 నుండి మూడు ప్రత్యేక జిల్లాలు. బయటివారికి గద్వాల యనగానే నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును పోగుకు పోగు కలిపి నేయు చీరయే స్ఫురించును. పోగులు లెక్కించుటలో పేరుమోసిన ఆ సీమలోనే, మొక్కలు లెక్కించుటలో రైతునకు న్యాయము జరుగుచున్నదా యను ప్రశ్న నేడు పుట్టినది. ఏలయన గట్టు, మల్దకల్, ధరూరు, అయిజ మున్నగు మండలములలో వేలకొలది ఎకరములలో పండుచున్నది బట్టకు పోవు పత్తి కాదు, విత్తనమునకు పోవు పత్తి. తెలంగాణములో సంకర పత్తివిత్తనము అత్యధికముగా ఉత్పత్తియగు సీమ ఇదియే. ఇక్కడి గింజ దేశములోని అనేక రాష్ట్రములలో మొలకెత్తుచున్నది.

సంకర పత్తివిత్తనము ఎట్లు తయారగునో పట్టణవాసులైన పాఠకులలో పెక్కుమందికి తెలియకపోవచ్చును. పత్తిపూవునందు కేసరములును, కీలాగ్రమును ఒకేచోట నుండును. విడిచిపెట్టినయెడల పూవు తనంతట తానే ఫలించును. కావున ఆడమొక్కగా నేర్పరచిన దానిపై మరునాడు విచ్చుకొననున్న మొగ్గను సాయంకాలముననే పట్టి, రేకులను కేసరములతో సహా గోటితో నొలిచివేయవలెను. మరునాటి యుదయమున మగమొక్కపూవును దెచ్చి, ఆ నగ్నకీలమునకు పుప్పొడి నద్దవలెను. ఇది ఒకనాటి పని కాదు. రెండు మాసములకు పైగా ప్రతిదినము ఉదయసాయంకాలములు రెండును, పొలములోని ప్రతి మొగ్గకును చేయవలసిన పని. దీనినే అక్కడివారు క్రాసింగందురు. 1970లో గుజరాతునందలి సూరతు పరిశోధనక్షేత్రమున సి.టి. పటేలుగారు "హెచ్-4" అను సంకరపత్తిని విడుదల చేసినప్పుడు ఈ పద్ధతి వ్యాపారములోనికి వచ్చెను. చేతితో చేయు పని గనుక భారతదేశమువంటి జనబాహుళ్యముగల దేశములోనే ఇది నిలిచినది. ఆ చేతులు చాలకాలము బాలికల చేతులుగా నుండినవని ఈ శతాబ్దారంభమున జరిగిన పరిశీలనలు పాలమూరు, కర్నూలు జిల్లాలగూర్చియే వెల్లడించి, దేశమునకు తలవంపులు తెచ్చినవి. ఆ కథ వేరుగ వ్రాయదగినది.

ఇక పరీక్ష. గింజను కంపెనీ తీసికొనునప్పుడు మూడు విషయములు కొలుచును. మొదటిది భౌతికశుద్ధి: మట్టి, పొట్టు, పగిలిన గింజలు ఎంత. రెండవది మొలక: నాలుగువందల గింజలను నూరేసి చొప్పున నాలుగు భాగములుచేసి, తడికాగితముల నడుమనో ఇసుకయందో ఉంచి, నాలుగవనాడొకసారియు పండ్రెండవనాడొకసారియు లెక్కింతురు. సంకరపత్తికి మొలక ఇంతకు తగ్గరాదని ప్రమాణము కలదు. ఈ రెండిటియందును తగవులు తక్కువ. మూడవదైన జన్యుస్వచ్ఛతయందే చిక్కంతయు నున్నది. గింజను చూచి ఇది సంకరమో, తల్లిమొక్క స్వయముగా ఫలించినదో కంటితో చెప్పుట బ్రహ్మకైనను తరము గాదు. కావున నమూనాగింజలను వేరొకచోట నాటి, మొక్కలు పెరిగి పూతకు వచ్చువరకు నిరీక్షించి, ఆకు, కాండము, పూవు మున్నగు లక్షణములను సరిచూచి, భిన్నముగా నున్న కేళీలను లెక్కింతురు. దీనినే నడిగడ్డలో ఆబాలగోపాలము జి.ఓ.టి. అందురు. ఇంగ్లీషు రాని వృద్ధురాండ్రుకూడ ఆ మూడక్షరములను పలుకుట మేము వింటిమి. చేతితో కేసరములు తీసి చేసిన సంకరపత్తికి దేశప్రమాణము నూటికి 90. అంతకు తగ్గిన గింజ విత్తనము కాదు. నూనెమిల్లుకు పోవలసిన సరకు.

పూతవరకు నిరీక్షించుట యనగా మాసములు. గింజ శీతకాలమున రైతు ఇల్లు దాటిపోవును. ఫలితము తేలుసరికి తరువాతి వ్యవసాయము నెత్తిపైకి వచ్చును. ఆలోగా రైతుకు ముట్టునది బయానావంటి కొంత సొమ్ము మాత్రమే. ఆ సొమ్ము నిచ్చువాడును, మొదట ఆడమగ విత్తనములను దెచ్చియిచ్చినవాడును, పెట్టుబడికి వడ్డీపై అప్పిచ్చినవాడును, చివరకు "ఫెయిల్" అని చెప్పువాడును ఆర్గనైజరను నొక్కడే. కంపెనీకిని రైతుకును నడుమ నున్న ఈ మధ్యవర్తి కంపెనీ ఉద్యోగి కాడు, రైతుబంధువును గాడు. ఒడంబడిక పత్రము తరచుగా రైతుచేతిలో నుండదు.

ఇక్కడ కొంచెము లెక్క చెప్పక తప్పదు. లెక్కలన్న విసుగుగలవారు ఈ పేరాను దాటిపోవచ్చును గాని, దాటకుండుట మేలు. ఒక రైతు గింజయందు నిజముగా నూటికి 92 స్వచ్ఛత కలదనుకొందము. అనగా ప్రమాణమునకు మించినదే. దానినుండి 400 గింజలను దీసి నాటినచో కేళీలు సగటున 32 ఉండవలెను. కాని చేతికి వచ్చిన గింజలు చేతికి వచ్చినవే; ఒకసారి 27, ఒకసారి 38, అరుదుగా 40కి పైనను వచ్చును. 40 దాటిన ఫెయిలని కఠినముగా గీత గీసినయెడల, ఇట్టి మంచిగింజ నూరింట ఇంచుమించు ఆరుమార్లు అదృష్టవైపరీత్యముచేతనే తప్పును. ఖర్చు తగ్గింపదలచి నాలుగువందలకు బదులు నూరు మొక్కలనే చూచిరేని, ఆ ఆరు పదునేడగును. అనగా ఇంచుమించు ఆరుగురిలో నొకరు. రైతు చేసిన తప్పేమియు లేదు. మొక్కల సంఖ్య తగ్గుటయే తప్పు. ఇందులకే విత్తనపరీక్షా గ్రంథములు నమూనాపరిమాణమును నిర్ణయించి, యాదృచ్ఛికముగా వచ్చు భేదమునకు కొంత మినహాయింపు పట్టికలను గూడ ఏర్పరచినవి. ఎన్ని మొక్కలను జూచిరో చెప్పని చీటి ఈ కారణముచేతనే కొలత కాజాలదు. అది ఉత్త మాట.

తూనికకొలతలపై నిఘా మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున పౌతవాధ్యక్షుడను నధికారిని నియమించి, తూనికరాళ్లు ఇనుముతోగాని, మగధ మేకలదేశముల శిలతోగాని, తడికి పెరుగక వేడికి తరుగని మరియొక ద్రవ్యముతోగాని చేయవలెనని విధించెను; నాలుగు మాసముల కొకసారి వానిని తనిఖీచేసి ముద్రవేయవలెననెను. అమ్మువాని త్రాసును అమ్మువాడే పరీక్షించుకొనుటకు ఆనాడే ఆయన సమ్మతింపలేదు. మన కాలమునకు వచ్చినచో, నిజాము రాజ్యమున పల్లా యనగా 120 సేర్లు. కాని సేరుపేరొకటియే గాని ఊరూరి సేరు వేరువేరుగా నుండెడిది. కొనునప్పటి రాయి యొకటి, అమ్మునప్పటి రాయి యొకటి. స్వాతంత్ర్యానంతరము 1956 నాటి చట్టముచేత దశాంశపద్ధతి వచ్చి, 1958 అక్టోబరు నుండి అమలు మొదలై, 1962 నాటికి కిలోగ్రాము దేశమంతటను నిలచెను. 1950 జనవరిలో ప్రారంభోత్సవము జరిగిన ఢిల్లీ జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలయందు ప్లాటినము, ఇరిడియముల మిశ్రలోహముతో చేసిన 57వ సంఖ్యగల కిలోగ్రాము భద్రపరుపబడెను. 2019 మే 20 నుండి ఆ లోహఖండముతో గూడ పనిలేకుండ, ప్రకృతిలోని యొక స్థిరాంకమును బట్టియే కిలోగ్రాము నిర్వచింపబడుచున్నది. మానవుడు కిలోగ్రామును లోహమునుండి విడిపించినాడు. నడిగడ్డ రైతు పండించిన 750 గ్రాముల ప్యాకెట్టును తూచుటయందు తగవు లేదు. అందులోని గింజ విత్తనమా కాదా యని తేల్చు త్రాసు మాత్రము నేటికిని కొనువాని యింటనే యున్నది.

విత్తనపరీక్ష పుట్టుకయందే ఈ గుణపాఠ మున్నది. 1869లో జర్మనీలోని సాక్సనీయందు థారాండ్ట్ అను చిన్నయూర ఫ్రెడరిక్ నోబె యను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రపంచమున మొదటి విత్తనపరీక్షాలయమును స్థాపించెను. బజారులో నమ్ముడగు విత్తనములయందలి కల్తీని జూచి ఆయన అందులకు పూనుకొనెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో విత్తనకల్తీ నిషేధచట్టము వచ్చెను. అక్కడి వర్తకులు చచ్చిన గింజలకు రంగువేసి మంచిగింజలతో కలిపి అమ్ముచుండిరట! నాగరకజాతులనియు, సత్యసంధులనియు చెప్పబడువారి బజారులలోనే అట్లు జరిగెను. 1924లో అంతర్జాతీయ విత్తనపరీక్షా సంఘ మేర్పడెను. 1961లో ఢిల్లీయందు మన దేశపు మొదటి విత్తనపరీక్షాలయము, 1966లో విత్తనచట్టము వచ్చినవి. 2019లో ఆ అంతర్జాతీయసంఘపు మహాసభ మన హైదరాబాదులోనే జరిగెను. నూరుమైళ్లకు పైబడిన దూరమున నున్న నడిగడ్డ రైతులకు ఆ సభవలన నేమి యొనగూడినదో మాకు కానరాలేదు.

1966 నాటి చట్టమును మేము శ్రద్ధతో చదివితిమి. అది మంచి చట్టమే. దుకాణములో నమ్ముచున్న విత్తనమును తనిఖీ అధికారి తీసికొనునప్పుడు మూడు నమూనాలు తీయవలెను. ఒకటి దుకాణదారునకే ఇచ్చివేయవలెను. రెండవది ప్రభుత్వ విశ్లేషకునకు పంపవలెను. మూడవది తగవు వచ్చినచో నుపయోగించుటకు ముద్రవేసి దాచవలెను. విశ్లేషకుని నివేదిక తనకు వ్యతిరేకముగా వచ్చి వ్యాజ్యము నడచినయెడల, దుకాణదారుడు న్యాయస్థానమును వేడుకొని కేంద్ర విత్తనపరీక్షాలయమునకు నమూనాను పంపించుకొనవచ్చును. అక్కడి నివేదికయే కడపటిది. ఆ పరీక్షాలయము నేడు వారణాసిలో నున్నది. ఎంత చక్కని యేర్పాటు! కాని ఇదంతయు విత్తనము నమ్మువానికొరకు. విత్తనమును పుట్టించువాడు తన గింజను కంపెనీకి అప్పగించునప్పుడు ఈ రక్షణలలో నొక్కటియు నతనిని సోకదు. అది ఇరువురి నడుమ ఒడంబడిక మాత్రమే యట. నమూనా తీయువారు వారే, నాటువారు వారే, లెక్కించువారు వారే, తీర్పు చెప్పువారును వారే. నకిలీ విత్తన మమ్మెనని నేరారోపణకు గురియైన వర్తకునకు మూడు నమూనాలు. నేరమేమియు మోపబడని రైతునకు ఒక్కటియు లేదు. శాసనకర్తల నిందించుట మా యుద్దేశము కాదు. 1966లో ఈ వ్యాపారము పుట్టనే లేదు.

కంపెనీలపక్షమునను న్యాయ మున్నది. దానిని చెప్పకుండుట పత్రికాధర్మము గాదు. నడిగడ్డలో కేసరము సరిగ తీయని యొక మొగ్గ, వరంగల్లులోనో గుంటూరులోనో నొక రైతుపొలమున కాయ పట్టని మొక్కగా మారును. ఆ రైతును రైతే. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చినతరువాత ప్యాకెట్టుపై వ్రాసిన జన్యువు గింజలో నున్నదా లేదా యనుటకూడ పరీక్షకు వచ్చినది. కావున పరీక్ష వలదనువాడు రైతుమిత్రుడు కాడు. పరీక్ష కఠినముగనే యుండవలెను. అది ఎవరికి కనబడవలెను, ఎవరు చేయవలెను, తప్పినచో ఆ తప్పు ఎవరిది యనునవియే మా ప్రశ్నలు.

ఈ కడపటి ప్రశ్నకు క్రొత్త శాస్త్రము ఆశ్చర్యకరమైన సమాధాన మిచ్చుచున్నది. మొక్క పూతకు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. మొలక రెండాకులు వేయగానే చిటికెడు ఆకును నూరి, అందలి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, పి.సి.ఆర్. యంత్రమున కొన్ని నిర్ణీతభాగములను కోట్లరెట్లుగా వృద్ధిపొందించి, జిగురుపలకపై విద్యుత్ప్రవాహముచే సాగనంపిన, ఆ భాగములు తమ తమ పొడవును బట్టి గీతలుగా నిలుచును. తల్లిగీత యొకచోట, తండ్రిగీత యొకచోట పడునట్టి గుర్తు నేర్చి యెన్నుకొనినయెడల, నిజమైన సంకరమున రెండు గీతలును కనబడును. ఈ పని మాసములు కాదు, కొలది దినములు. అయితే వేగము దీని గొప్పతనమున సగమే. తల్లిగీత యొక్కటియే కనబడినచో పూవు స్వయముగా ఫలించినదని యర్థము. క్రాసింగులో లోపము జరిగినది, ఆ బాధ్యత రైతుది. తల్లిదికాని తండ్రిదికాని మూడవగీత కనబడినచో, పరాయి పుప్పొడి పడియుండవచ్చును. లేదా కంపెనీ యిచ్చిన ఆడమగ విత్తనమే మొదట కల్తీది కావచ్చును. ఆ ఆడమగ విత్తనముల నమూనానుగూడ మొదటనే దాచియుంచినచో, రెండిటిలో నేదియో తేల్చుట కష్టము కాదు. ఇంతవరకు ఈ మూడు దోషములకును ఒక్కటే శిక్ష, ఒక్కనికే శిక్ష: "ఫెయిల్". బీజము కల్తీదైనను చేను వేసినవానిదే నేరమన్నట్లున్నది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. జన్యుగుర్తులు మొక్కలోని కొలది స్థానములనే చూచును. పొలములో పెరిగిన మొక్క తన సమస్త స్వరూపమును చూపును. మరియు తలిదండ్రుల వివరములు తెలియక గుర్తుల నెన్నుకొనుట సాధ్యము కాదు. అవి మా వ్యాపారరహస్యములని కంపెనీలనును. ఈ యభ్యంతరమున కొంత సత్యము కలదు. కాని రహస్యముల గాపాడుచునే పరీక్షలు జరుపు ప్రభుత్వాలయములు వైద్యములోను, ఔషధములలోను లేవా? రకముల పేర్లు చెప్పనక్కరలేదు. సంకేతాంకములతో తల్లిదండ్రుల గింజలను పరీక్షాలయమునకు అప్పగించిన చాలును. వేగముగల పరీక్షతో మొదట వడబోసి, సందేహముండి తగవుపడిన వానిని మాత్రము పొలములో నాటి చూచుట మాకు యుక్తముగా దోచుచున్నది.

ఎవరు చేయవలెనను ప్రశ్నకు సమాధానము చేరువలోనే యున్నది. నాగర్‌కర్నూలు జిల్లా పాలెమునందు వ్యవసాయవిశ్వవిద్యాలయమువారి ప్రాంతీయ పరిశోధనాస్థానము కలదు, వ్యవసాయకళాశాల కలదు. పాలెము పేరుమీదనే ఆముదపు సంకరరకములు విడుదలయైనవి. సంకరవిత్తనముల స్వచ్ఛతను కొలుచుటయందు అచ్చటివారికి అనుభవము తక్కువ కాదు. ఎండ మిక్కుటమైనచో ఆముదపు ఆడగెలలయందు మగపూలు పుట్టుకొనివచ్చును. అందుచేతనే ఆముదసంకరమునకు దేశప్రమాణము 85గా నిర్ణయింపబడినది. మొక్క స్వభావమును బట్టి ప్రమాణమును సడలించుట శాస్త్రమునకు సమ్మతమే యని ఇది తెలుపుచున్నది. వనపర్తిలో రాజాగారి భవనమున నెలకొల్పిన పాలిటెక్నిక్కు ఆరు దశాబ్దములకు పైగా యువకులకు సూక్ష్మమాపకములు పట్టుట నేర్పినది. ఈ మూడు జిల్లాలలో యంత్రములు తెలిసినవారు లేరనుట సరికాదు. ఒక పి.సి.ఆర్. యంత్రము, ఇరువదిముప్పదిమంది శిక్షితులైన యువతీయువకులు, నాలుగైదెకరముల పరీక్షాక్షేత్రము ఉన్నచో, తగవుపడిన నమూనాల నన్నిటిని కాకున్నను పెక్కింటిని పాలెములోనే తేల్చవచ్చును. ఖర్చు రైతు, కంపెనీ చెరిసగము భరించి, ఓడినపక్షము గెలిచినపక్షమునకు తిరిగి చెల్లించునట్లు ఏర్పాటు చేయవచ్చును.

అంతవరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు. ఈ యేటి గింజ లారీ యెక్కకముందే, రైతుయొక్కయు, ఆర్గనైజరుయొక్కయు, మండల వ్యవసాయాధికారియొక్కయు ఎదుట ప్రతి రాశినుండియు కర్రబొంగు గొట్టముతోనైనను పైన, నడుమ, అడుగున గింజలు తీసి కలిపి, మూడు గుడ్డసంచులలో కట్టి, లక్కముద్ర వేయవలెను. ఒకటి కంపెనీకి, ఒకటి రైతునకు, ఒకటి వ్యవసాయాధికారి కచేరీకి. సంచిపై రైతు సంతకముగాని వ్రేలిముద్రగాని ఉండవలెను. కంపెనీ యిచ్చిన ఆడమగ విత్తనములనుండియు విత్తకముందే చెరి పిడికెడు ఇట్లే దాచవలెను. చీటిలో "పాస్", "ఫెయిల్" అను మాటలకు బదులు చూచిన మొక్కలెన్ని, తప్పినవెన్ని అను రెండంకెలు వ్రాయవలెను. పాలమూరు వేసవిలో గింజ చెడిపోదా యని కొందరడుగవచ్చును. మొలక తగ్గునుగాని, పొడిగా నుంచినయెడల జన్యుగుర్తులు అంత సులభముగా చెడవు. స్వచ్ఛతనుగూర్చిన తగవు ఏడాది తరువాతనైనను ఆ సంచినుండి తేల్చవచ్చును. ఇందులకు గద్వాల కచేరీలో తాళముగల ఇనుపబీరువా లొక పది చాలును. ఆ గ్రామములో మాకు చీటి చూపిన రైతు ఈ మాట విని, తన యింటనే పాత పెట్టె యొకటి ఖాళీగా నున్నదనెను.